కోరిన సైకిలు, చలికాలపు త్రోవ

గత కార్తికమాసమున తొమ్మిదవ తరగతివారికి "నేను కోరు సైకిలు" అను విషయముపై వ్యాసము వ్రాయుమని ఇచ్చితిమి. వ్యాకరణదోషములు దిద్దుటకే ఆ పని పెట్టుకొంటిమి గాని, పుస్తకములు తెఱచిన పిమ్మట ఎఱ్ఱసిరా కలమును ప్రక్కన నుంచి చదువవలసి వచ్చినది. రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో వ్రేలాడు సైకిళ్లన్నియు ఆ పుటలలోనికి దిగివచ్చినవి. ఇరువదియొక్క గేర్లు, ముందుచక్రమునకు స్ప్రింగులు, డిస్కు బ్రేకులు, పిడికిలియంత లావుగల టైర్లు! ఒక బాలుడు పుట క్రింద బొమ్మ గీసి, రంగులద్ది, దాని నడుమకడ్డీపై తన పేరు కూడ వ్రాసికొనెను. ఒక విద్యార్థిని మాత్రము నాలుగే వాక్యములు వ్రాసినది. సైకిలు ఏదైనను సరియే. కారియరు గట్టిగా నుండవలెను. తమ్ముడు దానిమీద కూర్చుండును. చలికాలములో కూడ నాయన దానిని తొక్కనీయవలెను. ఇంతే ఆమె కోరిక.

ఈ వ్యాసము ఆ నాల్గవ వాక్యమును గూర్చినది. అయితే తక్కిన బాలబాలికల కోరికలకు బదులు చెప్పక ముందునకు పోవుట న్యాయము కాదు.

గేర్లనగా నేమి? మన ఇండ్లలోని పెద్ద నల్లసైకిలును చూడుడు. పెడళ్ల యొద్దనున్న పండ్లచక్రమునకు సాధారణముగా 44 పండ్లును, వెనుక ఫ్రీవీలునకు 18 పండ్లును ఉండును. పెడలు ఒక చుట్టు తిరిగినచో వెనుకచక్రము రమారమి రెండున్నర చుట్లు తిరుగును. 28 అంగుళముల చక్రము చుట్టుకొలత ఇంచుమించు 2.2 మీటర్లు. కావున ఒక చుట్టునకు సైకిలు 5.4 మీటర్లు సాగును. ఆరు కిలోమీటర్ల త్రోవకు 1,100 చుట్లు చాలును. ఇక గేర్ల సైకిలులో ముందు 28 పండ్లు, వెనుక 28 పండ్లు గల జత నెన్నుకొన్నచో, 26 అంగుళముల చక్రముపై ఒక చుట్టునకు రెండు మీటర్లకు కొంచెము మించి మాత్రమే సాగుదుము. అదే త్రోవకు దాదాపు 2,900 చుట్లు కావలసివచ్చును. కాని ఒక్కొక్క చుట్టు అంత తేలిక యగును. గేరు బలమును పుట్టింపదు. ఎత్తెక్కునపుడు చేయవలసిన పనిని చిన్న ముక్కలుగా కోసి కాలికందించును, అంతియే.

2007 వఱకు కోలారు జిల్లాలో నుండి ఇప్పుడు చిక్కబళ్లాపురము జిల్లాలో చేరియున్న నందికొండపైకి, తెల్లవారకమునుపే బెంగుళూరునుండి సైకిళ్లపై వచ్చువారు కలరు. వారికి గేర్లు లేనిదే సాగదు. బేతమంగళ త్రోవలోని ఎత్తుపల్లములకు ఒకటి రెండు చోట్ల దిగి నడిపించిన సరిపోవును. ముందుచక్రపు స్ప్రింగులు గుంతలలో చేతులకు సుఖమిచ్చును. చదునైన బాటపై బరువు పెంచును. లావు టైర్లు ఇసుకలో మేలు, తారుబాటపై భారము. కావున సైకిలు నెన్నుకొనుటకు ముందు త్రోవను చూడవలెను. త్రోవకంటె ముందు కాలిని చూడవలెను.

ఈ చివరిమాట మేము సొమ్ము చెల్లించి నేర్చినది. తిరుపతిలో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో ఒక పాత సైకిలును కొంటిమి. దాని నడుమకడ్డీ మాకు ఎత్తు. "తొక్కంగ తొక్కంగ అలవాటవుతుంది" అని అమ్మినవాడు చెప్పెను, మేము నమ్మితిమి. అలవాటైనది మోకాలినొప్పి మాత్రమే. సీటెక్కి కూర్చుండి, పెడలును పూర్తిగా క్రిందికి దింపి, దానిపై మడమ నుంచినపుడు కాలు చక్కగా చాగియుండవలెను. అట్లున్న సీటుపై పాదము ముందుభాగముతో త్రొక్కినచో మోకాలు కొంచెము వంగియుండును. అదే సరియైన ఎత్తు. నేలపై నిలుచున్నపుడు నడుమకడ్డీకి తొడలకు నడుమ ఒకటి రెండంగుళముల సందుండవలెను. వచ్చే సంవత్సరము పెరుగుదురని పెద్ద చొక్కా కుట్టించినట్లు పెద్ద సైకిలు కొనవలదని తలిదండ్రులకు మా మనవి.

కోరిక పిల్లలది, సొమ్ము పెద్దలది. ఇది నేటిమాట కాదు. గాలి నింపిన టైరును 1888లో బెల్ఫాస్టు నగరమున పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్లప్ పశువైద్యుడు. తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లబాటపై ఎగిరిపడుచుండుట చూడలేక రబ్బరుగొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో నిర్మించిన సైకిలు అప్పటికే మనము నేడెఱిగిన రూపమున నుండెను: ఇంచుమించు సమానములైన రెండు చక్రములు, వెనుకచక్రమునకు చైను. మన దేశమున 1949లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ వారు మద్రాసు ప్రక్కన అంబత్తూరులోను, 1956 నుండి హీరో సైకిల్స్ వారు లూధియానాలోను చేసిన బండ్లు మన పల్లెలలో పాలక్యానులను, పశుగ్రాసమును, పెండ్లికూతుండ్రను కూడ మోసినవి.

కర్ణాటక ప్రభుత్వము 2006-07లో ప్రారంభించిన పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలందును, సహాయము పొందు పాఠశాలలందును ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు అనేక సంవత్సరములు సైకిళ్లు ఉచితముగా ఇచ్చిరి. మా విద్యార్థిని తొక్కునది ఆమె అక్కకు అట్లు లభించిన బండియే. బిహారులోను 2006లో బాలికలకు ఇట్టి పథకమే వచ్చినది. దాని ఫలితములను కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఉన్నతపాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల నడుమనున్న అంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చిరి. బడికి 3 కిలోమీటర్లకు మించిన దూరముగల ఊళ్లలోనే ఈ మేలు అధికముగా కనబడినది. మన విద్యార్థిని ఊరు ఆరు కిలోమీటర్లు.

మార్గశిరము వచ్చినది. ఒక ఆదివారము ఆమె తండ్రి మా ఇంటికి వచ్చెను. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిమ్మట ఈ ప్రాంతమునుండి ప్రతిదినము రైలెక్కి బెంగుళూరు పోయి వచ్చు వేలాదిమందిలో ఆయన యొకడు. పల్లెనుండి స్టేషనునకు చీకటిలోనే సైకిలు తొక్కుకొని వచ్చును.

"పాపకు చలికాలంలో ఆయాసం వస్తాది సారూ. ఈ రెండు నెల్లూ బడికి పంపేది వద్దనుకున్నాము. ఇంట్లోనే చదువుకుంటాది. కాళ్లకు పని కావల్లంటే బెంగుళూరులో మా బావమరిది ఇంట్లో కూర్చొని తొక్కే సైకిలు ఒకటి వుంది, అది తెచ్చి పెడతాము" అని ఆయన చెప్పెను.

ఆయన మాటలో ప్రేమయే కలదు. కాని మార్చిలో పరీక్షలు. రెండు నెలలు బడి మానిన పిల్ల తిరిగి వచ్చుననుటకు హామీ లేదు. అట్లు ఆగిపోయిన చదువులు మేము చూచియున్నాము. తెలుగు మాధ్యమపు తరగతిలో నున్నవారే కొందఱు. ఒక్క బల్ల ఖాళీయైనను కంటికి కనబడును. అయినను ఆయన భయము నిజమైనదో కాదో తెలిసికొనక "పంపుము" అనుట తగదని తోచినది. ఒక వారము గడువడిగితిమి. ఆ వారములో తెలిసికొన్న సంగతులు మీతో పంచుకొనుచున్నాము.

మొదట ఇంటిలోని సైకిలు సంగతి. కదలక నిలిచియుండు వ్యాయామయంత్రము, కదలు సైకిలుకంటె వయస్సున పెద్దదనిన మీకు వింతగా తోచవచ్చును. జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ తన రెండు చక్రముల కొయ్యబండిని నడిపినది 1817లో. లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనునాయన ఇంటిలో కూర్చుండి కాలుసేతులు ఆడించు యంత్రమునకు 1796లోనే పేటెంటు పొందెను. నేటి యంత్రములో ఒక బరువైన ఇనుపచక్రమును, దానిని పట్టియుంచు పట్టీ గాని అయస్కాంతము గాని ఉండును. మర బిగించిన కొలది కాలికి భారము హెచ్చును. ఇప్పుడు కొన్ని దేశములలో యంత్రము నెదుట తెర పెట్టుకొని, తెరపై కనబడు కొండలను ఇంటిలోనే యెక్కుచున్నారు. 2020 డిసెంబరులో అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారు ఈ విధముగా ప్రపంచపోటీనే జరిపిరి.

మనకు అంత దూరము పోనక్కఱలేదు. స్టాండు వేసిన సైకిలెక్కి వెనుకచక్రమును గిరగిర తిప్పని పిల్లవాడు ఈ జిల్లాలో ఉండడు. ఆ ఆటనే తరగతిలో ప్రయోగముగా చేయించితిమి. ఒక విద్యార్థిని వరండాలో స్టాండు వేసిన సైకిలుపై కూర్చుండబెట్టి తొక్కుమంటిమి. చక్రము గాలిలో తిరిగినది. అతడు పది నిమిషములు తొక్కి నవ్వుచునే దిగినాడు. తరువాత డైనమోను టైరునకు ఆనించితిమి. దీపము వెలిగినది, పెడలు కొంచెము బిగిసినది. అట్టి డైనమో సాధారణముగా 6 వోల్టుల పీడనమున 3 వాట్ల విద్యుత్తు నిచ్చును. అదే బాలుడు సైకిలుతో కలిసి 60 కిలోల బరువుండి, చదునైన త్రోవపై గంటకు 15 కిలోమీటర్లు పోవుటకు ఎంత శక్తి కావలెనని నల్లబల్లపై లెక్కకట్టగా రమారమి 40 వాట్లు తేలినది. స్టాండుపై తొక్కుట కాలికి ఆటయేగాని పని కాదని అప్పుడు పిల్లలకు తెలిసినది.

ఆ 40 వాట్లలో దాదాపు సగము గాలిని చీల్చుకొని పోవుటకే ఖర్చగును. వేగము రెండింతలైనచో గాలి అడ్డు నాలుగింతలగును. అందుచేత ఎదురుగాలిలో మనకు అంత రొప్పు. మన బంగారు గనుల ప్రాంతము సముద్రమట్టమునకు రమారమి 850 మీటర్ల యెత్తున నున్నది గనుక గాలి తీరప్రాంతముకంటె ఇంచుమించు 8 శాతము పలుచన. కాని చల్లని గాలి చిక్కన. 30 డిగ్రీల మధ్యాహ్నపు గాలికంటె 15 డిగ్రీల ఉదయపు గాలి 5 శాతము బరువు. చలికాలపు ఉదయమున సైకిలు బరువుగా నడచుచున్నదని మీకు తోచినచో అందు కొంత నిజమున్నది. ట్యూబులోని గాలి కూడ చలికి కుంచించుకొనును. వారమున కొకసారి పంపు కొట్టుట మఱువకుడు.

ఇంటి యంత్రమునకు గల పెద్దలోపము మఱియొకటి. మన శరీరము ఖర్చుచేయు శక్తిలో పెడలునకు చేరునది నాలుగవ వంతైనను ఉండదు. తక్కినది వేడియై బయలుదేరును. త్రోవపై ఎదురుగాలి ఆ వేడిని ఊడ్చుకొని పోవును. ఇంటిలో ఆ గాలి లేదు. తలుపులు మూసిన గదిలో అరగంట తొక్కినవాని చొక్కా పిండినచో నీరు కారును. ఇంకను, నిలువబడిన యంత్రముపై సమతూకము నేర్వజాలము. సైకిలు ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే హ్యాండిలును కొంచెము త్రిప్పుట చేతనే అది నిలుచును. ఆ విద్య చేతులకు త్రోవయే నేర్పవలెను.

అట్లని ఇంటి యంత్రము పనికిరానిదని మేము చెప్పుట లేదు. క్రిందపడుదుమను భయము గల వృద్ధులకు, ఎముక విఱిగి మానుచున్నవారికి, వైద్యుడు కొలత ప్రకారము కాలికి పని చెప్పినవారికి అది మంచి సాధనము. దుమ్ము రేగిన దినమున ఎవరికైనను మంచిదే. దుమ్ము సంగతి ముందు చెప్పెదము.

ఇక చలి. మన ప్రాంతమున పుష్యమాసపు తెల్లవారుజామున వేడిమి సుమారు 15 డిగ్రీలకు, కొన్ని దినములలో అంతకు దిగువకు పడును. తిరుపతి ఎండలో తిరిగిన మా బోంట్లకు మొదటి సంవత్సరము పండ్లు కొట్టుకొన్న మాట వాస్తవమే. కాని ఫిన్లాండు దేశమున ఊలు అను నగరమున, సున్నకు పది పదునైదు డిగ్రీల దిగువన మంచు పేరుకొనియున్న దినములలో కూడ పిల్లలు సైకిళ్లపై బడికి పోవుదురు. చలికాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయసభ 2013లో ఆ నగరముననే జరిగినది. అచ్చటి బాటలపై మంచును తెల్లవారకమునుపే త్రోయింతురు. వాహనములకు దూరముగా సైకిళ్లకు వేఱు బాటలున్నవి. చలిని వారు జయించినది ఉన్నిబట్టలతోకంటె ఆ బాటలతోనే యని మా అభిప్రాయము.

చలిగాలి తగిలినంత మాత్రమున జలుబు పుట్టదు. అది ఒకరినుండి యొకరికి అంటుకొను సూక్ష్మజీవులవలన వచ్చును. అయితే ఆయాసము గలవారి సంగతి వేఱు. వేగముగా తొక్కుచు నోటితో చల్లని పొడిగాలిని పీల్చినపుడు ఊపిరిగొట్టములు బిగిసికొని పిల్లికూతలు రావచ్చును. ఇది తండ్రి ఊహ కాదు, వైద్యులెఱిగిన విషయమే. పిల్లను చూచిన వైద్యుడు కూడ ఇదే చెప్పి, పీల్చు మందును ఎప్పుడు ఎట్లు వాడవలెనో చూపెను. మొదటి పది నిమిషములు నెమ్మదిగా తొక్కి ఒడలు వేడెక్కనీయవలెను, ముక్కుతో పీల్చవలెను, ముక్కు నోరు కప్పునట్లు పలుచని బట్ట కట్టుకొన్నచో పీల్చు గాలి కొంత వెచ్చనై తడియగును, మందు సంచిలో నుండవలెను. సైకిలు మానుమని ఆయన చెప్పలేదు. ఆయాసము గల పిల్లలు వ్యాయామము మానరాదనియే చెప్పెను.

బట్టల సంగతి మాకు చెప్పినవాడు వైద్యుడు కాడు, ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసి విశ్రాంతిలో నున్న ఒక తాత. ఆ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అడుగున రాతివేడిమి 60 డిగ్రీలు దాటెడిది. అట్టి చోట చెమటలో తడిసి, చలికాలపు రాత్రి పైకి వచ్చుట ఆ తాతకు నిత్యకృత్యము. "చలి చంపదు నాయనా, తడిచొక్కా చంపుతాది" అని ఆయన మాట. పైకి రాగానే ఒడలు తుడుచుకొని పొడిబట్ట వేసికొనెడివారట. సైకిలునకును ఇదే వర్తించును. బయలుదేరునపుడు కొంచెము చలివేయునట్లే బట్ట కట్టవలెను. ఒక్క లావు స్వెట్టరుకంటె రెండు పలుచని చొక్కాలు మేలు. వెచ్చబడగానే ఒకటి తీసి కారియరునకు కట్టవచ్చును. చెవులకు మఫ్లరు చుట్టునపుడు దాని కొనలు చక్రములోనికి జాఱకుండ లోనికి దోపికొనవలెను. ఓణీలకును ఇదే హెచ్చరిక. చువ్వలలో ఓణీ చుట్టుకొని పడిన పిల్లను మేమెఱుగుదుము.

ఇంతవఱకు వచ్చునప్పటికి చలికి మార్గమున్నదని తేలినది. కాని నిర్ణయమును మార్చినది చలి కాదు, గాలి.

వారము నడుమ ఒక సాయంకాలము ఆ పల్లెకు పోయితిమి. ఇంటివారు ఆదరముతో కూర్చుండబెట్టిరి. వంటిల్లు, పడకయిల్లు ఒక్కటే. చలియని కిటికీకి గోనెపట్టా కట్టియున్నది. అవ్వ కట్టెలపొయ్యి నెగద్రోయుచున్నది. పచ్చికట్టె పొగ కప్పు క్రింద మేఘమువలె నిలిచియున్నది. పొయ్యికి మూడు బారల దూరమున, బెంగుళూరునుండి వచ్చిన వ్యాయామపు సైకిలును పెట్టుటకు చోటు సిద్ధము చేసియున్నారు. మాకు అయిదు నిమిషములలో కండ్లు మండినవి. ఆ పిల్ల ఆ మూలను కూర్చుండి తొక్కినచో, ఊరక కూర్చున్నదానికంటె ఎన్నో రెట్లు అధికముగా ఆ పొగనే లోనికి పీల్చును. కట్టెపొగ ఆయాసమును రేపు వస్తువులలో ముఖ్యమైనది. చలినుండి కాపాడుటకని ఆమెను తెచ్చి పెట్టబోవుచున్న చోటు అది!

తండ్రికి ఆ మాట మేము చెప్పలేదు. పిల్లయే చెప్పినది: "నాయనా, నాకు ఆయాసం రాత్రిపూట వస్తాది, దారిలో కాదు." ఆయన కొంతసేపు పొయ్యివైపు చూచుచు నుండెను.

బయటి గాలి అన్నిచోట్ల మంచిదని కూడ అనరాదు. మన పట్టణములో నివసించువారికి సయనైడు దిబ్బలను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. బంగారము తీసిన పిమ్మట మిగిలిన రాతిపిండి మూడుకోట్ల టన్నులకు మించి గుట్టలుగా పడియున్నది. గాలి బలముగా వీచు దినములలో ఆ పిండి వీధులలోనికి, ఇండ్లలోనికి, ఊపిరిలోనికి వచ్చును. దిబ్బల ప్రక్కనుండి బడికి వచ్చు పిల్లలు అట్టి దినమున సైకిలు దిగి వేఱు వీధిన పోవుట, లేదా ఆనాటికి వ్యాయామము మానుట మంచిది. చలిమంటలను గూర్చి యొక మాట. వీధిచివర పాత టైర్లు, ప్లాస్టిక్కు సంచులు వేసి కాల్చుకొనుచు, దాని చుట్టు చంటిపిల్లలను కూర్చుండబెట్టుకొనువారు, సైకిలెక్కిన పిల్లకు జలుబు చేయునని దిగులుపడుట మాకు ఎప్పుడును అర్థము కాలేదు.

త్రోవలోని నిజమైన అపాయము మఱియొకటి కలదు. అది పొగమంచు. శివసముద్రపు జలవిద్యుత్తు 1902లోనే మన గనులకు వచ్చినది. కాని పల్లెత్రోవలలో ఇప్పటికిని దీపములు లేని చోట్లు అనేకములు. బేతమంగళ చెఱువు దిక్కున మంచు క్రమ్మినపుడు ఇరువది అడుగుల ముందున్న యెద్దు కనబడదు. లారీ నడుపువానికి మీరును కనబడరు. ముందు దీపము, వెనుక ఎఱ్ఱని మెఱుపుబిళ్ల లేనిదే బయలుదేరరాదు. డైనమో దీపము చక్రము ఆగగానే ఆరిపోవును గనుక వెనుక బిళ్ల తప్పనిసరి. తెల్లని లేక పసుపుపచ్చని బట్ట పైన వేసికొనుట మంచిది. మంచులో తడిసిన ఇనుపరిమ్మును బ్రేకురబ్బరు వెంటనే పట్టదు. రెండు మూడు సారులు తేలికగా నొక్కి తడి తుడిచిన పిమ్మటనే అది పనిచేయును. ఎదుటి మనిషి ఆకారము తెలియనంత మంచున్నచో దిగి, బాట ప్రక్కన మట్టిపై నడిపించుకొని పోవుట నామోషీ కాదు. కోలారు, ముళబాగిలుల మీదుగా పోవు జాతీయరహదారిని పిల్లలు ఒంటరిగా దాటరాదు. బేతమంగళ ప్రక్కగా వేసిన క్రొత్త ఎక్స్‌ప్రెస్ రహదారిపై సైకిలునకు అసలే ప్రవేశము లేదు. బాట నున్నగా నున్నదని ఎక్కినవారికి చెప్పుచున్నాము.

గడువు తీరిన ఆదివారము తండ్రి తిరిగి వచ్చెను. ఈసారి భార్యను కూడ వెంటబెట్టుకొని వచ్చెను. మాటలు చాలసేపు సాగినవి. మంచు విడువకమునుపు పిల్ల బయలుదేరరాదని తల్లి పట్టుపట్టినది. అది సబబే. ప్రధానోపాధ్యాయుల వారితో మాటాడి, పుష్యము ముగియువఱకు ఆరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి వచ్చువారు ప్రార్థన ముగిసిన పిమ్మట వచ్చినను ఆలస్యముగా లెక్కింపరాదని అడిగితిమి. "మించిన" అను మాట చూచి ఆయన నవ్వి, "ఆరు కూడ చేర్చండి" అనిరి. అదే పల్లెనుండి వచ్చు మఱి ఇద్దఱు బాలికలు కలిసి మూడు సైకిళ్లు ఒక వరుసగా వచ్చునట్లు ఏర్పాటైనది. తండ్రి తన సైకిలు వెనుక బిళ్లను ఊడదీసి కూతురి సైకిలునకు బిగించెను. "మరి మీకో?" అని మేమడుగగా, "జీతం వచ్చినాక కొంటా సారూ" అనెను. ఆ మాటకు మేము ఒప్పుకొనలేదు. సైకిలు మరమ్మతు అంగడికి ఆయనను వెంటబెట్టుకొని పోయితిమి. చీకటిలో స్టేషనునకు పోవువాడు ఆయనయే గదా.

ఆ చలికాలములో పిల్ల బడి తప్పిన దినములు నాలుగు. రెండు ఆయాసమునకు, ఒకటి పంచరునకు, ఒకటి సంక్రాంతికి చుట్టములు వచ్చినందులకు. కిటికీకి కట్టిన గోనెపట్టాను పగటిపూట తీసివేయుచున్నారు. పొయ్యికి గొట్టము పెట్టించుట ఇంకను జరుగలేదు. వేసవిలో కప్పు మార్చునపుడు పెట్టింతుమని తల్లి చెప్పినది. తమ్ముడు ఈ సంవత్సరము ఆఱవ తరగతిలో చేరినాడు. కారియరు గట్టిగనే యున్నదని విన్నాము.

బెంగుళూరునుండి వచ్చిన వ్యాయామపు సైకిలును పొయ్యి మూలనుండి అరుగుమీదికి మార్చిరి. మొన్న ఆ త్రోవను పోవుచు చూచితిమి. అవ్వ చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని, మోకాళ్లకు మంచిదని ఎవరో చెప్పిరట, దానిపై కూర్చుండి నెమ్మదిగా తొక్కుచున్నది. ముందర చేటలో రాగులు. కాలు ఆడుచుండగనే చేతులు రాళ్లేరుచున్నవి.